దూప తీరని వారం

హైదరాబాద్‌లో కొత్తగా తెరిచిన ఒక పెద్ద జిమ్‌కు ట్రైనర్లు కావాలని మా కోచ్‌కు ఎవరో చెప్పారు. ఆయన వాళ్లకు నా గురించి చెప్పాడు. వాళ్లు ఫొటోలు పంపమన్నారు. చొక్కా లేకుండా, ఒంట్లో ప్రతి కండా విడివిడిగా కనిపించేలా ఉండాలట. నచ్చితే పిలుస్తారు.

అప్పటికి నేను గోదావరిఖని చౌరస్తా దగ్గర, ఒక బట్టల దుకాణం పైన ఉన్న జిమ్‌లో ఏళ్ల తరబడి పొద్దునా సాయంత్రం గడిపేవాణ్ణి. నా కసరత్తు అయ్యాక కొత్తవాళ్లకు నేర్పేవాణ్ణి. డిగ్రీ ఎప్పుడో అయిపోయింది. ఖాళీగా తిరుగుతున్నాడని ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనలేదు. మా కాలనీలో నా ఈడువాళ్లు చాలామంది చేసే పనే నేనూ చేస్తున్నాను, ఎదురుచూడటం. తండ్రి ఇక బొగ్గుగని పనికి పనికిరాడని కంపెనీ మెడికల్ బోర్డు తేలిస్తే ఆ ఉద్యోగం కొడుక్కి వస్తుంది. కొడుకు వయసు ఒక గీత దాటితే రాదు. నేను ఆ గీతకు బాగా దగ్గరికొచ్చాను.

మా నాన్నను నేను బాపు అంటాను. ఆయన భూమి లోపలి గనిలో, బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా ఆసరాలు పెట్టే పని చేసేవాడు. మాకు బాయి అంటే గనే. ఆయనకు చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. మోకాళ్లు అరిగాయి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. బోర్డుకు పెట్టుకుంటే ఒకసారి కొత్తగూడెం పిలిచి, పరీక్షలు చేసి, ఫిట్ అని వెనక్కి పంపారు. ఆ రోజు ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా మంచం మీద చాలాసేపు కూర్చున్నాడు. నీ ఒళ్లు బాగానే ఉందని చెప్పించుకుని వచ్చిన మనిషి అంత దిగులుగా కూర్చోవడం బయటివాళ్లకు వింతగా ఉంటుంది. మా కాలనీలో ఎవరికీ వింత కాదు. మళ్లీ పిలుపు వచ్చేసరికి నడి ఎండాకాలం. నా ఫొటోలు తీసే రోజుకూ, ఆయన బోర్డుకు వెళ్లాల్సిన రోజుకూ మధ్య వారం కూడా లేదు.

నాకు బాయిలోకి దిగాలని లేదు. బాపు సెకండ్ షిఫ్టుకు పోయిన రోజుల్లో ఆయన సైకిల్ చప్పుడు వినేదాకా అమ్మ నడుం వాల్చకపోవడం చూస్తూ పెరిగాను. కానీ ఆ మాట బాపుతో ఎన్నడూ అనలేదు. ఆయనా నన్ను అడగలేదు. ఆ ఉద్యోగం నాకు ఇవ్వాలన్నది ఆయనకు ఎంత ఖాయమో, ఫొటోలు నచ్చితే హైదరాబాద్ వెళ్లిపోవాలన్నది నాకు అంత ఖాయం. ఒకే ఇంట్లో ఉండి, ఎవరి ఏర్పాట్లు వాళ్లం చేసుకున్నాం.

కోచ్‌ను నేను అన్న అని పిలిచేవాణ్ణి. ఒకప్పుడు జిల్లా బాడీబిల్డింగ్ పోటీల్లో నిలబడ్డ మనిషి. ఆఖరి వారం ఏం తినాలో, ఏం తాగాలో ఆయనే చెప్పాడు. మొదటి రోజుల్లో అన్నం, రొట్టె, పండు, చక్కెర ఏదీ ముట్టకూడదు. గుడ్డులో తెల్లసొన, ఉప్పు లేకుండా ఉడికించిన కోడిమాంసం, కీరదోసకాయ, అంతే. నీళ్లు మాత్రం కడుపు ఉబ్బేలా తాగాలి. కండల్లో దాగి ఉన్న పిండిపదార్థమంతా అలా ఖాళీ అవుతుంది. ఆ తర్వాత ఒక్కసారిగా అన్నీ తిరగబడాలి. అన్నం, చిలగడదుంపలు, మరమరాలు, తేనె పదే పదే తినాలి. నీళ్లు మాత్రం గుక్కలకు తగ్గించి, ఆఖరికి పెదవులు తడపడం వరకే ఉంచాలి. ఆకలి మీదున్న కండ ఆ తిండినీ, దాంతోపాటు ఒంట్లో మిగిలిన నీటినీ లోపలికి లాక్కుంటుందనీ, తోలు కింద తడి ఇంకిపోయి కండకు అతుక్కుంటుందనీ అన్న నమ్మకం. తనూ అలాగే చేశానన్నాడు. నేను నమ్మాను. నీళ్లు మానేస్తే కండ కూడా వాడిపోతుందని, ఉప్పూ నీళ్లూ ఒంట్లో తలకిందులైతే గుండె లయ తప్పొచ్చని తర్వాత ఒక డాక్టర్ చెప్పాడు. అప్పటికి ఆ మాటతో నాకు అవసరం తీరిపోయింది.

అన్నం మానేసిన రోజులు ఆకలి కన్నా కోపంతో గడిచాయి. జిమ్ మెట్లెక్కుతుంటే తొడలు వణికేవి. కొత్తవాళ్లు ఏదైనా రెండోసారి అడిగితే కొట్టాలనిపించేది. మధ్యాహ్నం ఊరి పక్కన పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ జరిగి కిటికీ రెక్కలు కొట్టుకుంటే, పుట్టినప్పటి నుంచీ వింటున్న ఆ చప్పుడుకే ఉలిక్కిపడి లేచి కూర్చునేవాణ్ణి.

అమ్మ అలవాటు కొద్దీ ముగ్గురికీ సరిపడా అన్నం వండేది. నా వాటా మిగిలిపోయేది. ఆ వాటా బాపు తినడం మొదలుపెట్టాడు. అంతకుముందు కొలిచినట్టు ఒక ముద్ద అన్నం, జొన్నరొట్టె తినే మనిషి. ఇప్పుడు రెండోసారి పెట్టించుకుని, పెరుగు పోసుకుని తినేవాడు. టీలో చక్కెర కూడా వేయించుకున్నాడు. షుగర్ మనిషివి, ఏమిటిదని అమ్మ అడిగితే, బోర్డుకు అంతదూరం పోవాలె, జర బలం ఉండాలె అన్నాడట. అమ్మ నాతో ఆ సంగతి చెబుతూ, మనిషికి మళ్లీ ఆకలి పుట్టిందని సంబరపడింది. ఇంట్లో ఒకడు తినడం మానేసినందుకు ఆమె పడుతున్న బాధకు అది కొంచెం ఊరట.

నేను నీళ్లు తగ్గించిన రోజు బాపు ఫస్ట్ షిఫ్టు ముగించుకుని వచ్చాడు. ఎడమకాలు కొంచెం ఈడుస్తున్నాడు. బూటు రాసుకుని మడమ దగ్గర పుండు పడిందని, అమ్మ పసుపు పెట్టిందని నాకు తెలుసు. ముందుగదిలో కూలర్ ముందు నేను పడుకుని ఉన్నాను. నా నాలుక అట్టముక్కలా ఉంది. బాపు తిన్నగా నీళ్ల డ్రమ్ము దగ్గరికి పోయి చెంబు ముంచి తాగాడు. మళ్లీ ముంచాడు. మళ్లీ. గొంతులో నీళ్లు దిగే చప్పుడు నాకు వినిపిస్తోంది. గడ్డం మీంచి కారి బనియను తడుస్తోంది.

"బాపూ, జర లోపలికి పోయి తాగరాదే," అన్నాను.

ఆయన చెంబు దించి నా వైపు చూశాడు. కోపం రాలేదు. "నోరు ఎండుకపోతాందిరా. ఎంత తాగినా దూప తీరుతలేదు," అన్నాడు.

దూప అంటే దాహం. ఎండలు అలా ఉన్నాయి, ఊళ్లో అందరి నోళ్లలోనూ అదే మాట. నాకు నా దూప తప్ప వేరే ఏదీ తలకెక్కే స్థితి లేదు. ఆయన చెంబు తీసుకుని వంటింట్లోకి పోయాడు. ఫొటోల దాకా ఉన్న ఆ రెండు రోజులూ అక్కడే, నాకు కనపడకుండా తాగాడు. మాటిమాటికీ మూత్రానికి లేచేవాడు. ఒకరోజు విడిచి ఒకరోజు నల్లా వచ్చే క్వార్టర్ మాది. డ్రమ్ము ఇంత తొందరగా ఎందుకు ఖాళీ అవుతోందని అమ్మ ఒకసారి పైకే అనుకుంది.

నా పళ్లెంలోకి అన్నం తిరిగొచ్చింది. ఉప్పు లేని అన్నం, తేనె, ఉడికించిన చిలగడదుంపలు. మొదటి ముద్దకు కళ్లు తడుస్తాయని అనుకున్నాను. కానీ తడిలేని నోట్లో అన్నం ఉండలా తిరిగింది, మింగడానికే కష్టమైంది. అద్దంలో చూసుకుంటే మాత్రం పొద్దుటికీ సాయంత్రానికీ తేడా తెలుస్తోంది. భుజాలు నిండాయి. పొట్ట మీద నరాలు పైకి తేలాయి. నేను కోరుకున్న ఒళ్లు అదే. ఆ సంతోషం అబద్ధమని ఇప్పుడు చెప్పను.

ఫొటోల ముందు రోజు సాయంత్రం బాపు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మొహం పీక్కుపోయి ఉంది. మాట కొంచెం ముద్దగా వస్తోంది. నా చేతిని, మోచేతి పైన, పశువును కొనేవాడు పట్టి చూసినట్టు ఒకసారి పట్టి చూశాడు.

"ఈ ఫొటోలు చూసి నౌకరి ఇస్తరా?" అని అడిగాడు.

"చూసి పిలుస్తరట."

"పిలిస్తే పో. పిలవకుంటే ఫికర్ చెయ్యకు. నా బోర్డు ఉన్నది. గీసారి పని అయితది."

గీసారి తప్పక అవుతుందని అంత నమ్మకంగా ఎందుకన్నాడో నేను అడగలేదు. మాట్లాడాలంటే పెదవులు పగిలి మంట పుడుతున్నాయి. ఊఁ అన్నాను.

మరునాడు పొద్దున బాపు డ్యూటీకి పోలేదు. ఒంట్లో బాగా లేకపోయినా నాగా పెట్టే మనిషి కాదు. రాత్రంతా లేస్తూనే ఉన్నాడు, ఇప్పుడే కన్ను మూతపడింది, లేపకు అని అమ్మ చెప్పింది. తలుపు దగ్గర నిలబడి చూశాను. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. శ్వాస గట్టిగా, ఈల వేసినట్టుగా వస్తోంది. బాయిలో ఏళ్లు గడిపినవాళ్ల ఊపిరి అలాగే ఉంటుంది. బయట కోచ్ అన్న కారు హారన్ వినిపించింది. వెళ్లాను.

స్టూడియో గోదావరి అవతల, మంచిర్యాలలో ఉంది. ఎక్కువగా పెళ్లి ఫొటోలు తీసే చోటు. నా ఫోన్ అన్న తన దగ్గర పెట్టుకున్నాడు. ధ్యాస పక్కకు పోవద్దు తమ్మీ అన్నాడు. ఒళ్లంతా ముదురు గోధుమ రంగు పూశారు. కండలు ఉబ్బడానికి దండీలు తీయించారు, బెల్లం ముక్క నోట్లో పెట్టారు. లైట్ల వేడికి గదిలో ఏసీ ఉన్నట్టే లేదు. ఫొటోగ్రాఫర్ ఒక స్ప్రే సీసాలో నీళ్లు పట్టుకొచ్చి నా ఛాతీ మీద, భుజాల మీద కొట్టాడు. చెమట పట్టినట్టు కనపడితే ఫొటో బాగుంటుందట. ఆ తుంపరలు గడ్డం మీద పడితే నాలుక తనంతట తానే బయటికొచ్చింది. ఫొటోగ్రాఫర్ నవ్వి, మొహం కదపొద్దన్నాడు.

వెన్ను చూపించే భంగిమలో నిలబడ్డప్పుడు కుడి తొడ పట్టేసింది. కండ లోపల ఎవరో తాడు మెలిపెట్టినట్టుంది. కూలబడబోతే అన్న వచ్చి భుజం కింద చెయ్యేసి నిలబెట్టాడు. ఇంకొన్నే ఉన్నాయన్నాడు. నిలబడ్డాను. తర్వాత కెమెరా తెర మీద చూపించారు. నిజంగానే అచ్చులో పోసి తీసినట్టుంది ఒళ్లు. మొహం మాత్రం నాది కాదనిపించింది. కళ్లు లోపలికి పోయి, చెంపలు గుంటలు పడి, ఎవరో పెద్దవయసువాడి తల నా మెడ మీద పెట్టినట్టుంది.

నీళ్ల సీసా నా చేతికిస్తూ అన్న చెప్పాడు. "తమ్మీ, అమ్మ ఫోన్ చేసింది. బాపును దవాఖానకు తీస్కపోయిండ్రట. నడుమల చెప్తే నువ్వు ఆగవని, అయినంక చెప్దామనుకున్న."

ఎప్పుడు చేసిందని అడిగాను. మనం ఇక్కడికి వచ్చిన కాసేపటికే అన్నాడు. సీసా ఎత్తి ఒక్క గుక్కలో తాగాను. వంతెన దాటకముందే కారు ఆపించి అంతా కక్కుకున్నాను. వేళ్లు వాటంతట అవే ముడుచుకుపోయాయి. విప్పుకుందామంటే రెండో చేయి కూడా అలాగే ఉంది. అన్న కారు నడుపుతూ, చిన్నగా గుక్క గుక్క తాగు, చిన్నగా తాగు అని చెబుతూనే ఉన్నాడు.

దవాఖానలో నన్ను చూసి సెక్యూరిటీ అతను లోపలికి పోనివ్వలేదు. రంగు కడుక్కోకుండానే చొక్కా తొడుక్కుని వచ్చేశాను. మెడ మీద, చేతుల మీద ఆ రంగు చెమటతో చారలు కట్టింది. అమ్మ బయటికొచ్చి, నా కొడుకే అని చెప్పింది. లోపల బాపు కళ్లు సగం తెరుచుకుని ఉన్నాయి, చూపు లేదు. రెండు చేతులకూ సెలైన్. పొద్దున ఎంత లేపినా లేవకపోయేసరికి అమ్మ పక్క క్వార్టర్‌వాళ్లను పిలిచిందట. షుగర్ చూసే మిషన్‌లో అంకె కూడా రాలేదని, కొలతకు అందనంత ఎక్కువుందని నర్సు చెప్పింది. కాలి పుండు లోపలికి చీము పట్టి మడమ నల్లబడింది. ఒంట్లో నీళ్లన్నీ పోయి ఎండిపోయాడు అంది డాక్టరమ్మ. నాకు అర్థం కాలేదు. డ్రమ్ములకు డ్రమ్ములు తాగిన మనిషి ఎండిపోవడమేమిటి? రక్తంలో చక్కెర అంత పెరిగితే తాగిన నీళ్లన్నీ మూత్రంలోనే పోతాయని, దాహం దానికే గుర్తు అని ఆమె ఓపికగా చెప్పింది. తర్వాత నా పెదవులు, వంకరపోయిన వేళ్లు చూసి, నీకేమైంది అని అడిగింది. నన్ను కూడా ఒక బెంచీ మీద పడుకోబెట్టి సెలైన్ పెట్టించింది.

గోలీలు రోజూ వేసుకుంటున్నాడా అని డాక్టరమ్మ అమ్మను అడిగింది. వేసుకుంటాడు, తనే పెట్టుకుంటాడు, తనే వేసుకుంటాడు అంది అమ్మ. అప్పుడు తలుపు దగ్గర నిలబడ్డ కాక ముందుకొచ్చాడు. కాక అంటే బాపుతో ఒకే షిఫ్టులో ఏళ్లు పనిచేసిన దోస్తు. అంతకుముందు ఏడాదే అన్‌ఫిట్ అయ్యాడు. ఆయన కొడుకు ఇప్పుడు డ్యూటీకి పోతున్నాడు.

కాక డాక్టరమ్మ వైపు చూడలేదు. నా బెంచీ దగ్గరికొచ్చి నాతోనే చెప్పాడు.

"గోలీలు బంద్ పెట్టిండు బిడ్డా. మొన్న బోర్డుల షుగర్ తక్కువ చూపిందని ఫిట్ అన్నరు గదా. గీసారి ఎక్కువ రావాలె అన్నడు. తీపి తిన్నడు, అన్నం తిన్నడు. నాకు చెప్పిండు. నేను వద్దనలే. నేను గూడ గట్లనే చేసిన."

అమ్మ విన్నది. ఏడవలేదు. బాపు మంచం దగ్గరికి పోయి, జారిన దుప్పటి ఆయన కాళ్ల మీదికి లాగింది. తర్వాత నా దగ్గరికొచ్చి, బెంచీ మీద తెల్లగుడ్డకు నా రంగు అంటుకుందని, లేచాక ఒళ్లు కడుక్కొమ్మని చెప్పింది. కాక వెళ్లిపోయాడు. నాకు ఆయన మీద కోపం రావాలి. కానీ ఆయన కొడుకును నేను ఎరుగుదును. మా ఇంటి ముందు నుంచే బండి మీద డ్యూటీకి పోతుంటే అమ్మ చాలాసార్లు ఆశగా చూసేది.

బాపును అక్కడి నుంచి కరీంనగర్ తీసుకుపోయాం. స్పృహ వచ్చింది గానీ కాలు నిలవలేదు. మోకాలి కింద తీసేశారు. కళ్లు తెరిచాక ఆయన మొదట అడిగింది బోర్డు తేదీ దాటిపోయిందా అని. దాటిపోయిందన్నాను. మళ్లీ పిలుస్తరా అన్నాడు. పిలుస్తరు అన్నాను. గోలీల సంగతి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఇవాళ్టి వరకూ మా మధ్య ఆ మాట రాలేదు.

హైదరాబాద్ వాళ్లకు ఫొటోలు నచ్చాయి. కోచ్ అన్నే వాటిని పంపాడు. వాళ్లు ఫోన్ చేసినప్పుడు నేను ఆపరేషన్ వార్డు బయట ఉన్నాను. వెంటనే రాలేనని చెప్పాను. కొన్నాళ్లు ఆగి నేనే ఫోన్ చేస్తే ఆ ఖాళీ నిండిందన్నారు. వాటిలో ఒక ఫొటోను అన్న ఫ్లెక్సీ కొట్టించి జిమ్ మెట్ల దగ్గర పెట్టాడు. మంచి మనసుతోనే పెట్టాడు. నేను జిమ్‌కు పోవడం మానేశాను.

వానలు మొదలయ్యాక బాపుకు మళ్లీ పిలుపొచ్చింది. కారు మాట్లాడుకుని కొత్తగూడెం పోయాం. చక్రాల కుర్చీలో లోపలికి తీసుకుపోయి నన్ను బయటే కూర్చోబెట్టారు. ఎక్కువసేపు పట్టలేదు. బయటికొచ్చిన బాపు మొహం వెలుగుతోంది.

"గీసారి ఏం అడగలేదురా. కాలు దిక్కు చూసిండ్రు, రాసిండ్రు," అన్నాడు.

దారిలో కారు ఆపించి టీ తాగాడు. చక్కెర వద్దని తనే చెప్పాడు. అంత హుషారుగా మాట్లాడటం నేను చాలా ఏళ్లుగా చూడలేదు. డ్రైవర్‌తో కూడా, మా వానికి నౌకరి వచ్చిందని చెప్పాడు.

నా వైద్యపరీక్ష రోజు ఛాతీ కొలిచిన అతను టేపు చూసి, గింత మంచి ఒళ్లు పెట్టుకుని బాయిలకు వస్తున్నవా అన్నాడు. వెనక వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. కొన్ని వారాల శిక్షణ తర్వాత బదిలీ వర్కర్‌గా, అంటే రానివాళ్ల చోట పనిచేసేవాడిగా, లోపలికి పంపారు.

మొదటి షిఫ్టు ముగించుకుని వచ్చిన రోజు బాపు గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. గనిలో ఎన్నో లెవల్‌లో పని వేశారని అడిగాడు. చెప్పాను. అక్కడ గాలి సరిగా రాదని, ఎడమవైపు నడిస్తే కాళ్లకింద తక్కువ జారుతుందని, పైకప్పు మాట్లాడినప్పుడు, అంటే చిటపటమన్నప్పుడు, ఎటు తప్పుకోవాలో చేతులతో చూపించాడు. పేరుపేరునా మనుషుల్ని అడిగాడు. నాకు నిద్ర ముంచుకొస్తోంది. ఒళ్లు మసితో ఉంది. స్నానానికి లేవాలనుకుంటూనే కూర్చున్నాను. నా చిన్నప్పటి నుంచి ఆయన నాతో అంతసేపు ఎప్పుడూ మాట్లాడలేదు. అమ్మ నీళ్లు కాగాయని రెండుసార్లు పిలిచింది. బాపు ఇంకా చెబుతూనే ఉన్నాడు.